చేతి స్కోపుకు కొత్త సెల్లు

అరచేతిలో ఇమిడే ఆసిలోస్కోపు, యాంటెన్నాను పరీక్షించే నానో వీఎన్ఏ, విడిభాగం మంచిదో చెడిందో చెప్పే కాంపొనెంట్ టెస్టర్. ఎలక్ట్రానిక్స్‌ను సరదాగా పెట్టుకున్నవారి బల్ల మీద ఇవి ఇప్పుడు మామూలు వస్తువులు. వీటిలో చాలావాటి లోపల ఒక చిన్న లిథియం సెల్లు డబుల్ సైడ్ టేపుతో అతికించి ఉంటుంది. చిప్‌లు, తెర, బటన్లు ఏళ్ల తరబడి పనిచేస్తాయి, ముందుగా నీరసించేది సెల్లే. విచిత్రమేమంటే అది ఎక్కువగా పాడయ్యేది వాడకంతో కాదు, వాడకపోవడంతో. నెలల తరబడి సొరుగులో పడి ఉన్న పరికరంలో సెల్లు చుక్క చుక్కగా ఖాళీ అయి తిరిగి లేవలేని స్థితికి జారిపోతుంది. లేదంటే యూఎస్‌బీ తీగ ఎప్పుడూ తగిలించే ఉంచడం వల్ల నిండు ఛార్జి మీదే ఉండి ఉండి ఉబ్బుతుంది.

తయారీదారులు ఇలాంటి సెల్లును విడిగా అమ్మడం అరుదు. పాతదాని మీద కంపెనీ పేరు కూడా చాలాసార్లు ఉండదు, ఒక అంకెల వరుస, ప్లస్, మైనస్ గుర్తులు మాత్రమే ఉంటాయి. కాబట్టి బజారులో దొరికేవాటిలో సరిపోయేదాన్ని వెతుక్కోవాలి. అందరి కళ్లూ ముందుగా పడేది నిల్వను చెప్పే ఎంఏహెచ్ అంకె మీద. నిజానికి అది చివర చూడాల్సిన అంకె. సెల్లు మారుతుంది గానీ దాన్ని ఛార్జి చేసే చిప్ మారదు. కొత్త సెల్లు ముందు ఆ చిప్‌కు పొసగాలి, తర్వాత గూట్లో పట్టాలి, ఆ తర్వాత కనెక్టర్ కలవాలి. ఎంత నిల్వ అన్న ప్రశ్న ఈ మూడూ తేలాకే.

లిథియం అన్న పేరు ఒకటే అయినా కుటుంబంలో తేడాలున్నాయి. 1991లో సోనీ మొదటిసారి అమ్మకానికి తెచ్చిన లిథియం అయాన్ సెల్లులో కోబాల్ట్ ఆక్సైడ్ వాడారు. ఇప్పుడు సోలార్ దీపాల్లో, ఎలక్ట్రిక్ స్కూటర్లలో కనిపించే ఐరన్ ఫాస్ఫేట్ మరో రకం. ఈ రెండు పదార్థాలూ 2019లో నోబెల్ అందుకున్న జాన్ గుడినఫ్ ప్రయోగశాలల నుంచే వచ్చాయి, కానీ వోల్టేజీలో ఒకదానికొకటి బదులు కావు. మామూలు లిథియం అయాన్ లేదా లిపో (లిథియం పాలిమర్) సెల్లు మీద 3.7 వోల్టులని ఉంటుంది, నిండినప్పుడు 4.2 వోల్టులు చూపిస్తుంది. 3.8 లేదా 3.85 అని రాసి ఉంటే అది హై వోల్టేజ్ రకం, 4.35 లేదా 4.4 వోల్టుల దాకా నింపుతారు. ఐరన్ ఫాస్ఫేట్ మీద 3.2 అని ఉంటుంది, 3.65 దగ్గర నిండిపోతుంది.

చిన్న పరికరాల్లో ఛార్జింగ్ చిప్ దాదాపు ఎప్పుడూ 4.2 వోల్టుల దగ్గర ఆపేదే. దానికి మామూలు 3.7 వోల్టుల సెల్లు సరిగ్గా జోడీ. హై వోల్టేజ్ సెల్లు పెట్టినా ప్రమాదం లేదు, పూర్తిగా నిండదు కాబట్టి రాసినంత నిల్వ మాత్రం దక్కదు. దీనికి తిరగేసిన పని, అంటే 4.35 వోల్టులు పంపే ఛార్జర్‌కు 4.2 వోల్టుల సెల్లు తగిలించడం, చేయకూడనిది. ఐరన్ ఫాస్ఫేట్ సెల్లునూ ఈ పరికరాల్లో పెట్టకూడదు. ఛార్జర్ దాన్ని అవసరానికి మించి నింపుతుంది, పైగా లోపలి 3.3 వోల్టుల సర్క్యూటు నడవడానికి దాని 3.2 వోల్టులు చాలవు.

ఇక గూటి కొలత. పల్చటి వెండి కవరులాంటి పౌచ్ సెల్లు మీద ఆరంకెల సంఖ్య ఉంటుంది. అది దాని జాతకం. 603450 అంటే మందం 6.0 మిల్లీమీటర్లు, వెడల్పు 34, పొడవు 50. అలాగే 402030 అంటే 4 మిల్లీమీటర్ల మందం, 20 వెడల్పు, 30 పొడవు. 10తో మొదలయ్యే 103450 లాంటివాటిలో మందం 1 మిల్లీమీటరు కాదు, 10. గుండ్రటివాటికి లెక్క వేరు. 18650 అంటే 18 మిల్లీమీటర్ల వ్యాసం, 65 పొడవు. 14500 అంటే 14 వ్యాసం, 50 పొడవు, అంటే గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్లు ఆకారమే.

ఈ ఆరంకెలు సాధారణంగా ఒట్టి సెల్లువి. దాని తల మీద అంటించే రక్షణ బోర్డు, తీగలు వంగే చోటు కలిపితే పొడవు రెండు నుంచి నాలుగు మిల్లీమీటర్లు పెరుగుతుంది. గూడు సరిగ్గా 50 మిల్లీమీటర్లుంటే 603450 అందులో పట్టకపోవచ్చు. మందం విషయంలో పొరపాటు ఇంకో రకంగా జరుగుతుంది. ఉబ్బిన పాత సెల్లును కాలిపర్స్‌తో కొలిచి, అంత మందం ఉన్న కొత్తది తెప్పించుకుంటారు. కొలవాల్సింది సెల్లును కాదు, గూటి లోతును. ఆ లోతులోనూ పదో వంతు ఖాళీ వదలాలి, ఎందుకంటే మంచి సెల్లు కూడా వయసు మీద పడేకొద్దీ కాస్త లావెక్కుతుంది. వెనక మూత, ముందు తెర మధ్య ఊపిరాడనంత బిగుతుగా కూర్చోబెట్టిన సెల్లు ఉబ్బితే ముందుగా పగిలేది తెర. గూటి కంటే కాస్త చిన్న సెల్లు ఎంచుకుని, మిగిలిన జాగాలో మెత్తటి ఫోమ్ ముక్క పెట్టడమే తెలివైన పని.

కొలతలు తెలిస్తే నిల్వ ఎంతో కూడా దాదాపుగా తెలిసిపోతుంది. మందం, వెడల్పు, పొడవు మిల్లీమీటర్లలో గుణించి పదితో భాగిస్తే వచ్చేది ఎంఏహెచ్‌కు చాలా దగ్గరగా ఉంటుంది. 603450కి 10,200ను పదితో భాగిస్తే 1,020. నిజాయితీగా తయారైన సెల్లు 1,000 నుంచి 1,200 మధ్య ఉంటుంది. 402030కి 240 వస్తుంది. ఈ లెక్కకు తెలుగువారందరికీ తెలిసిన సాక్షి ఒకటుంది. నోకియా 1100 కాలం నుంచి ఊరూరా సెల్‌ఫోన్ దుకాణాల్లో దొరికే బీఎల్-5సీ బ్యాటరీ కొలతలు సుమారు 53, 34, 5.7 మిల్లీమీటర్లు. గుణించి పదితో భాగిస్తే 1,027. దాని మీద నోకియా ముద్రించిన అంకె 1,020. అదే పరిమాణంలో 3,000 అని రాసి అమ్మే బీఎల్-5సీలో ఏముంటుందో వేరే చెప్పనక్కర్లేదు. 18650 సంగతీ అంతే. ప్రపంచంలో పేరున్న కంపెనీలు తయారుచేసేవి 3,600 దరిదాపుల్లో ఆగిపోతుంటే, 9,900 అని రాసినవి ఆన్‌లైన్‌లో వంద రూపాయలకు దొరుకుతుంటాయి. వాటిని త్రాసులో వేస్తే గుట్టు బయటపడుతుంది. అసలైన 18650 తూకం 45 నుంచి 50 గ్రాములు, నకిలీవి అంతకన్నా బాగా తేలిక.

సెల్లును పరికరానికి కలిపే చిన్న తెల్ల కనెక్టర్ దగ్గరే ఎక్కువ పరికరాలు కాలిపోతాయి. పిన్నుల మధ్య దూరాన్ని బట్టి ఇందులో మూడు రకాలు తరచుగా కనిపిస్తాయి. 2 మిల్లీమీటర్ల దూరం ఉన్నది జేఎస్‌టీ కంపెనీ పీహెచ్ రకం. 1.25 ఉన్నదాన్ని దుకాణాల్లో జేఎస్‌టీ అనే పిలిచినా అది మోలెక్స్ పికోబ్లేడ్ పోలికలో చేసినది. 1 మిల్లీమీటరుది ఎస్‌హెచ్ రకం. చూపుకు మూడూ ఒకేలా ఉంటాయి. ఒకదాన్ని మరోదాంట్లో దూర్చాలని చూస్తే బోర్డు మీది సాకెట్ ఊడివస్తుంది. స్కేలుతో పిన్నుల దూరం కొలిచాకే ఆర్డరు ఇవ్వాలి.

అసలు చిక్కు పరిమాణంలో కాదు, దిశలో ఉంది. ప్లస్ ఏ పిన్నుకు రావాలన్నదానికి అందరూ పాటించే ప్రమాణం ఏదీ లేదు. ఒకే కనెక్టర్‌తో ఇద్దరు అమ్మకందార్లు పంపిన సెల్లుల్లో ఎరుపు తీగ ఒకదానికి కుడివైపు, ఇంకోదానికి ఎడమవైపు ఉండటం మామూలే. కనెక్టర్ ఒకే దిశలో దిగుతుంది కాబట్టి సరిగానే ఉండి ఉంటుందన్న ధీమా కలుగుతుంది. సెల్లు ఉల్టాగా తగిలితే జరిగేది క్షణంలో జరిగిపోతుంది. చవక పరికరాల్లో విస్తారంగా వాడే టీపీ4056 లాంటి ఛార్జింగ్ చిప్‌కు ఎదురు ధ్రువాన్ని తట్టుకునే శక్తి లేదు. పొగ వచ్చేది సెల్లు నుంచి కాదు, ఆ చిప్ నుంచి.

అందుకని తీగల రంగును నమ్మకుండా మల్టీమీటర్‌ను నమ్మాలి. పాత సెల్లు పూర్తిగా చావకపోతే దాని కనెక్టర్‌లో ఏ వైపు ప్లస్ ఉందో చూసి కాగితం మీద బొమ్మ గీసుకోవాలి. అది చనిపోయి ఉంటే బోర్డు మీద ప్లస్ గుర్తు వెతకాలి, లేదా సాకెట్‌లోని ఏ పిన్ను యూఎస్‌బీ తొడుగు లోహంతో కలిసి ఉందో మీటర్ బీప్‌తో పట్టుకోవాలి. చాలా పరికరాల్లో అది మైనస్. కొత్త సెల్లు ఉల్టాగా వస్తే పడేయనక్కర్లేదు. కనెక్టర్ ప్లాస్టిక్‌లో కనిపించే చిన్న నాలుకను సూదితో ఎత్తితే తీగ పిన్నుతో సహా బయటికి వస్తుంది. ఒక తీగ తీసి టేపు చుట్టాకే రెండోది తీయాలి. రెండు పిన్నులూ ఒకదానికొకటి తగిలితే లిథియం సెల్లు క్షమించదు. కత్తెరతో రెండు తీగలనూ ఒకేసారి కత్తిరించడం కూడా షార్ట్ చేయడమే.

కొన్ని సెల్లులకు మూడో తీగ ఉంటుంది. అది సాధారణంగా వేడిని పసిగట్టే థర్మిస్టర్‌ది. పాత సెల్లుకు మూడు తీగలుండి కొత్తదానికి రెండే ఉంటే ఛార్జింగ్ అసలు మొదలుకాకపోవచ్చు. అలాంటప్పుడు అదే విలువ థర్మిస్టర్ ఉన్న సెల్లునే తెచ్చుకోవాలి. ఆ పిన్నుకు మామూలు రెసిస్టర్ పెట్టి ఛార్జర్‌ను మభ్యపెట్టే చిట్కా ప్రచారంలో ఉంది, పనిచేస్తుంది కూడా. కానీ సెల్లు వేడెక్కినప్పుడు ఆ సంగతి చెప్పే నోరును మూసేయడం అది.

ఛార్జింగ్ కరెంటు గురించి ఆలోచించేవారు తక్కువ. లిపో సెల్లును దాని నిల్వలో సగానికి సమానమైన కరెంటుతో నింపడం క్షేమం. 500 ఎంఏహెచ్ సెల్లుకు 250 మిల్లీఆంపియర్లన్నమాట. తయారీదారు ఒప్పుకుంటే నిల్వకు సమానమైన కరెంటు దాకా వెళ్లవచ్చు. టీపీ4056 చిప్ ఎంత కరెంటు ఇవ్వాలన్నది దాని పక్కనున్న ఒక చిన్న రెసిస్టర్ నిర్ణయిస్తుంది. అది 1.2 కిలో ఓములైతే 1 ఆంపియర్, 2 కిలో ఓములైతే దాదాపు 580 మిల్లీఆంపియర్లు, 5 అయితే 250, 10 అయితే 130. 1 ఆంపియర్‌కు అమర్చిన పరికరంలో జాగా లేదని 300 ఎంఏహెచ్ బుల్లి సెల్లు పెడితే, దాని నిల్వకు మూడు రెట్లకు మించిన కరెంటు దెబ్బ తగులుతుంది. అది వేడెక్కుతుంది, త్వరలోనే ఉబ్బుతుంది. రెసిస్టర్ మార్చకుండా ఆ పని చేయకూడదు. బోర్డు మీద చిప్ పేరు కనిపించకపోతే యూఎస్‌బీ మీటర్ తగిలించి, పరికరం ఆపి ఉంచి, ఛార్జయ్యేటప్పుడు ఎంత కరెంటు లాగుతుందో చూస్తే చాలు.

పెద్ద సెల్లు పెడితే ఈ బెడద లేదు, ఓపిక మాత్రం కావాలి. 250 మిల్లీఆంపియర్ల ఛార్జర్‌తో 2,000 ఎంఏహెచ్ సెల్లు నిండడానికి ఎనిమిది గంటలు దాటుతుంది. ఇక్కడే ఇంకో తిరకాసు ఉంది. సెల్లు 4.2 వోల్టులకు చేరాక కరెంటు మెల్లగా తగ్గుతూ వస్తుంది. అది నిర్ణీత కరెంటులో పదో వంతుకు దిగినప్పుడు నిండిందని చిప్ గ్రహించి ఆపేస్తుంది. అదే సమయంలో పరికరం కూడా నడుస్తూ 150 మిల్లీఆంపియర్లు లాగుతుంటే, విడి దారి లేని చవక సర్క్యూటుల్లో కరెంటు ఎప్పటికీ పదో వంతుకు దిగదు. చిప్ ఆపదు, సెల్లు గంటల కొద్దీ 4.2 వోల్టుల మీదే వేలాడుతుంది. పరికరం ఆపేసి ఛార్జింగ్ పెట్టడం వల్ల సెల్లు ఆయుష్షు నిజంగానే పెరుగుతుంది.

రక్షణ బోర్డు లేని సెల్లును ఈ పనికి కొనకూడదు. పౌచ్ సెల్లు తలను కప్పిన పసుపు కాప్టన్ టేపు కింద ఆ సన్నటి బోర్డు ఉంటుంది. దాని మీద ఎక్కువగా కనిపించేది డీడబ్ల్యూ01 అనే చిప్. సెల్లు దాదాపు 4.3 వోల్టులు దాటినా, 2.4 వోల్టుల కిందికి పోయినా, తీగలు షార్ట్ అయినా అది దారి మూసేస్తుంది. ఈ అంకెలు చూస్తేనే తెలుస్తుంది, అది పొలం చివరి కంచె మాత్రమే, రోజువారీ ఛార్జింగ్‌ను అదుపు చేసేది కాదు. కొరియర్‌లో వచ్చిన కొత్త సెల్లు ఒక్కోసారి మీటర్ మీద సున్నా చూపిస్తుంది. బోర్డు దారి మూసుకుని ఉండవచ్చు, ఛార్జర్ తగిలించగానే తెరుచుకుంటుంది. అలా తెరుచుకున్నాక వోల్టేజీ 3కు పైన ఉంటే పరవాలేదు. పాత ల్యాప్‌టాప్‌ల నుంచి విప్పిన సెల్లులు చాలాకాలం 2 వోల్టుల కింద పడి ఉంటే వాటి జోలికి పోకూడదు. అంత దిగువన లోపలి రాగి రేకు కరిగి, తిరిగి ఛార్జి చేసినప్పుడు అడ్డదిడ్డంగా పేరుకుని లోపల్లోపలే షార్ట్ చేయగలదు.

9 వోల్టుల బ్యాటరీతో నడిచే పరికరాల కథ వేరు. డీఎస్ఓ138 అనే విడిభాగాల కిట్ స్కోపు 9 వోల్టుల దగ్గర సుమారు 120 మిల్లీఆంపియర్లు లాగుతుంది. దీనికి ఒక 18650, వోల్టేజీ పెంచే చిన్న బూస్ట్ బోర్డు జత చేయడం అభిరుచిపరుల్లో బాగా నలిగిన దారి. సెల్లు వైపు లెక్కిస్తే దాదాపు 340 మిల్లీఆంపియర్లు పడుతుంది, కాబట్టి 2,500 ఎంఏహెచ్ సెల్లుతో ఏడు గంటలు నడుస్తుంది. కానీ బూస్ట్ బోర్డు సెకనుకు లక్షల సార్లు తెరుచుకుని మూసుకునే యంత్రం. ఆ గోల తెర మీద సన్నటి గడ్డిలా కనిపిస్తుంది. మిల్లీవోల్టుల సిగ్నల్ చూడాలనుకునేవారికి అది కంట్లో నలుసే.

మల్టీమీటర్‌లో వేసే రీఛార్జబుల్ 9 వోల్టుల బ్యాటరీల్లోనూ ఇదే బూస్ట్ రకం ఉంది. అది చివరిదాకా 9 వోల్టులే చూపించి ఒక్కసారిగా ఆగిపోతుంది, మీటర్‌లోని లో బ్యాటరీ గుర్తుకు ముందుగా వెలిగే అవకాశమే ఉండదు. రెండు సెల్లులు వరుసగా పెట్టిన రకం నిండినప్పుడు 8.4 వోల్టులిస్తుంది, గోల చేయదు, లో బ్యాటరీ గుర్తు మాత్రం తొందరపడి వెలుగుతుంది. ఈ రెంటిలో కొలతలకు రెండోదే మేలు. పెన్సిల్ సెల్లులతో నడిచే మీటర్లలో 14500 పెట్టాలన్న ఆశ మాత్రం వదులుకోవాలి. ఆకారం ఒకటే అయినా 1.5 వోల్టుల చోట 3.7 వెళ్తుంది. అప్పుడప్పుడూ తీసే మీటర్‌కు రీఛార్జి చేయని రకం 1.5 వోల్టుల లిథియం పెన్సిల్ సెల్లు మంచి జోడీ. ఆల్కలైన్‌లా కారి స్ప్రింగులను తినేయదు.

కొనేచోటు గురించి కొంత. హైదరాబాద్ కోఠీలోని గుజరాతీ గల్లీ లాంటి విడిభాగాల బజారులో చేతిలోకి తీసుకుని, ఉబ్బు లేదని చూసి, మీటర్ పెట్టి కొనుక్కునే వీలుంది. 3.6 నుంచి 3.9 వోల్టుల మధ్య ఉన్నది మంచి స్థితిలో నిల్వ చేసినదని అర్థం. మన దేశంలో అమ్మే లిథియం సెల్లులకు ఐఎస్ 16046 ప్రమాణం కింద బీఐఎస్ నమోదు తప్పనిసరి. R అక్షరంతో మొదలయ్యే నమోదు సంఖ్య ముద్రించి ఉంటే కొంత భరోసా. విదేశాల నుంచి తెప్పించుకోవడం కష్టం. విడి లిథియం అయాన్ సెల్లులను ప్రయాణికుల విమానాల్లో సరుకుగా పంపడం 2016 ఏప్రిల్ 1 నుంచి ఆపేశారు. అమెరికా నుంచి వచ్చే బంధువు చేత తెప్పించుకుంటే సెల్లును చేతి సంచిలోనే పెట్టుకోవాలి, చెక్-ఇన్ పెట్టెలో కాదు. 1,000 ఎంఏహెచ్ సెల్లు 3.7 వాట్-అవర్లే, పరిమితి 100.

బిగించే ముందు గూటి అడుగును వేలితో తడిమి చూడాలి. బోర్డు వెనక పొడుచుకొచ్చిన టంకం మొనలు, మర చివరలు పౌచ్‌కు మేకులతో సమానం. వాటిని కత్తిరించి, మధ్యలో దళసరి కాప్టన్ లేదా ప్లాస్టిక్ రేకు పరచాలి. సెల్లు పలకల మీద నేరుగా టంకం వేయకూడదు, తీగలకే వేయాలి. మొదటి ఛార్జి దగ్గరుండి చూడాలి. సెల్లు గోరువెచ్చనైతే పరవాలేదు, చెయ్యి పెట్టలేనంత వేడైతే తీగ పీకేయాలి. ఛార్జి ఆగాక మీటర్‌లో 4.15 నుంచి 4.25 మధ్య కనిపిస్తే జోడీ కుదిరినట్టే.

తీసేసిన ఉబ్బిన సెల్లును గుచ్చకూడదు, చదును చేయాలని నొక్కకూడదు, చెత్తబుట్టలో వేయకూడదు. కనెక్టర్‌కు టేపు చుట్టి, ఇసుక పోసిన రేకు డబ్బాలో ఇంటి బయట ఉంచి, ఈ-వేస్ట్ సేకరణ కేంద్రానికి చేర్చాలి. 2022లో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నియమాలు పాతవాటిని తిరిగి సేకరించే బాధ్యతను ఉత్పత్తిదారుల మీదే పెట్టాయి.

కొత్త సెల్లుకు ఇష్టమైన ఛార్జి సగం. పరికరాన్ని నెలల పాటు పక్కన పెట్టేముందు సగం దాకా నింపి, మూడు నెలలకోసారి తీసి చూడాలి. బటన్ నొక్కి ఆపే పరికరాలు ఆపిన తర్వాత కూడా కొద్దిగా తాగుతూనే ఉంటాయి, అలాంటివాటికి కనెక్టర్ ఊడదీసి ఉంచడం మంచిది. ఛార్జింగ్‌కు ఎగువ హద్దు 45 డిగ్రీలు. మే నెలలో రెంటచింతల, రామగుండం లాంటి చోట్ల గాలే ఆ హద్దు దాటే రోజులుంటాయి కాబట్టి, అక్కడ ఛార్జింగ్ తెల్లవారుజామున పెట్టుకోవాలి.